గడియారమువారు: ఇంటిపేరు కథలు, ఇంటిపేరు లెక్కలు

ప్రొద్దుటూరిలో కవిత్వమును గూర్చి మాటలాడుకొనువారు "గడియారమువారు" అనినచో వినువారెవ్వరును గోడవంక చూడరు. శివభారత కావ్యకర్త గడియారము వేంకటశేషశాస్త్రి (1894-1980) పేరు అచ్చట అంత పరిచితము. ఆయన పుట్టినది జమ్మలమడుగు ప్రాంతమునందలి నెమళ్లదిన్నెలో. కీర్తి గడించినది ప్రొద్దుటూరిలో. ఇదే ఇంటిపేరుగల మరియొక ప్రసిద్ధులు ఆలంపురమునకు చెందిన చరిత్ర పరిశోధకులు గడియారము రామకృష్ణశర్మ (1919-2006). "శతపత్రము" అను వారి ఆత్మకథకు 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఈ ఇరువురి తరువాత మూడవవారిని చెప్పుమనినచో మంచి చదువరులును కొంత తడుముకొందురు.

ఇట్టి అరుదైన ఇంటిపేరు వినబడగానే మనవారు రెండు పనులు చేయుదురు. మొదట దానికొక పుట్టుకకథను అల్లుదురు. పిదప, పాపము, ఆ వంశము అంతరించిపోవుచున్నదని నిట్టూర్చుదురు. కథ భాషాశాస్త్రమునకు, నిట్టూర్పు గణితశాస్త్రమునకు సంబంధించినవి. రెండింటిని పరీక్షించి చూడవలసియున్నది; ఏలయన ఈ నిట్టూర్పు మాటతో ఆగుటలేదు. "ఇంటిపేరు నిలుపుటకు ఒక్క మగనలుసు" అను కోరికతో కాన్పుమీద కాన్పు మోసిన ఇల్లాండ్రును, ఆడపిల్లలనే కంటివని మాటపడిన తల్లులును లేని ఊరు లేదు. ఒక పేరు పోవుటయు, ఒక వంశము పోవుటయు ఒకటియేనా అను ప్రశ్న వారికి సంబంధించినంతవరకు పండితుల కాలక్షేపము కాదు.

ముందు కథ సంగతి చూతము. గడియారము అనగానే నేటివాని మనస్సునకు తట్టునది ముల్లులు తిరుగు యంత్రము. దానినిబట్టి ఆ ఇంటిలో పూర్వమెప్పుడో దొరలనాటి గోడగడియారము ఉండియుండునని ఊహించుట సులభము. కాని ఆ మాట మన దేశమునకు సీమయంత్రముతోపాటు దిగుమతి కాలేదు. "ఘటిక"యే మన నోట "గడియ" యైనది. ఘటిక యనగా చిన్న కుండ. కాలపు కొలతకు కుండ పేరెట్లు వచ్చినదనగా, కాలమును కొలిచినది కుండయే గనుక. అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నెను నీటితొట్టిలో వదలుదురు. నీరు మెల్లగా లోనికి ఊరి గిన్నె మునుగును. అది ఒకసారి మునుగుటకు పట్టుకాలము గడియ, అనగా 24 నిమిషములు; రేయింబవళ్లు కలిపి అరువది గడియలు. ఈ గిన్నెయే గడియకుడుక. సూర్యసిద్ధాంతమునందు రాగిపాత్ర అహోరాత్రమునకు అరువదిసార్లు మునుగునట్లు చేయుట చెప్పబడియున్నది.

పైకి పిల్లల ఆటవలె కనబడు ఈ పరికరములో మెచ్చదగిన భౌతికశాస్త్ర రహస్యమొకటి కలదు. నిండుకుండకు అడుగున చిల్లిపెట్టి కారనిచ్చినచో నీరు మొదట వడిగాను, మట్టము తగ్గినకొలది మందముగాను కారును. దానితో కాలము కొలుచుట కష్టము. గడియకుడుకలో కథ తలక్రిందులు. తేలుచున్న గిన్నెలోపలి నీటిమట్టము వెలుపలి మట్టముకంటె కొంచెము తక్కువగా నుండును. ఆ తేడాయే నీటిని రంధ్రముగుండ లోనికి త్రోయును. ఆ తేడా మోయవలసినది గిన్నె లోహపు బరువునే. గిన్నెలోనికి నీరు చేరినను లోహపు బరువు మారదు గదా! అందుచేత గోడలు నిలువుగానున్న పలుచని గిన్నెలో ఆ తేడా మొదటినుండి చివరివరకు దాదాపు ఒకటిగనే యుండును. నీరును ఒకే వడితో చేరును. అర్ధగోళపు గిన్నెలో ఇంత చక్కగా కుదరదు గాని, ప్రతిమారు ఒకే తీరున మునుగును గనుక వాడుకకు లోటులేదు. ఎండకాలమున నీటి జిగట తగ్గుటచే గిన్నె కొంచెము ముందుగా మునుగును. నీటిలో నలుసున్నచో రంధ్రము పూడి గడియ సాగును. కావున దీనికి కాపలా ఉండు మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకొని యుండవలెను.

ఆ మనిషియే మన విషయమునకు ముఖ్యుడు. కోటలలోను, నగరులలోను గిన్నె మునిగినపుడెల్ల కంచుపలకను మ్రోగించువారు జీతముమీద నియమింపబడుచుండిరి. హిందూదేశమునందు ఈ ఏర్పాటును చూచి బాబరు తన ఆత్మకథలో వివరముగా వ్రాసికొనెను. రాత్రివేళ మేలుకొన్నవానికి ఎన్నవ గడియయో తెలియునుగాని ఎన్నవ జామో తెలియకుండెనని, జామును తెలుపు దెబ్బలు కూడ వేరుగా కొట్టుడని ఆయన ఆజ్ఞాపించెను. పల్లెలలో పెండ్లిముహూర్తమునకు కుడుకను నీటవిడిచి కనిపెట్టియుండు పురోహితులకును ఈ విద్య తెలిసినదే. కాబట్టి గడియారమువారు గడియకుడుక కనిపెట్టుకొనియుండిన వృత్తిని బట్టి ఆ పేరు పొందిరనుట గోడగడియారపు కథకంటె ఎంతో సమంజసము.

అయితే సమంజసమైనదెల్ల రుజువైనది కాదు. ఇంటిపేర్లను గూర్చి వ్రాయువారిలో చాలమంది పొరబడునది ఈ మెట్టువద్దనే. ఉద్యోగమునుబట్టి పేరు రావచ్చును. గంట మ్రోగు చావడిప్రక్క నివసించుటచే రావచ్చును. కాలము తప్పని మనిషికి ఊరివారు పెట్టిన ఎకసక్కెపు పేరు మనుమలకు ఇంటిపేరై నిలువవచ్చును. మూడును తెలుగుదేశపు ఇంటిపేర్లలో కనబడు మార్గములే. వీనిలో ఒకదానిని ఏరుకొనుటకు చెవికింపైన కథ చాలదు. శాసనమో, మాన్యపు దస్తావేజో, మెకంజీ సేకరింపించిన కైఫీయతులవంటి స్థానిక చరిత్రయో తోడురావలెను. ఇరువురు ప్రసిద్ధులకు ఒకే ఇంటిపేరు ఉన్నంతమాత్రమున ఇరువురిది ఒకే కుటుంబమనుటయు ఇట్టి తొందరపాటే. గడియలు కొట్టించిన నగరు ఒకటికాదు. గడియారమువారును ఒకచోటనే పుట్టవలెనను నియమము లేదు.

ఈ విషయమున భాస్కరాచార్యుని మార్గము చక్కని ఒరవడి. అంతకుముందు లల్లుడు మొదలగువారు గడియకుడుకకు ఇన్ని పలముల రాగి యుండవలెననియు, ఇంత బరువుగల బంగారుతీగ పట్టునంత రంధ్రముండవలెననియు కొలతలు విధించిరి. 1150లో సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరుడు ఆ కొలతలు యుక్తిలేనివి, చేయుటకును దుష్కరములు అని త్రోసివేసెను. గిన్నె ఎట్టిదైనను సరియే, ఒక అహోరాత్రములో అది ఎన్నిసార్లు మునుగునో లెక్కించి, అరువదిని ఆ సంఖ్యతో భాగింపుడు, మీ గిన్నె కొలత తేలునని ఆయన తాత్పర్యము. చెప్పుకొనుమాట గొప్పతనమునుబట్టి కాక పరీక్షనుబట్టి నిర్ణయించుట యన్నమాట. ఎనిమిదివందల ఏండ్ల క్రింద గిన్నెకు పట్టిన ఈ అదృష్టము మన ఇంటిపేర్లకు ఇంకను పట్టవలసియున్నది.

ఊరిపేర్ల విషయమున కడపజిల్లా అదృష్టవంతమైనదే. కేతు విశ్వనాథరెడ్డి (1939-2023) పరిశోధన ఫలితముగా "కడప ఊర్లు-పేర్లు" 1976లో వెలువడినది. కథలు వ్రాసిన చేయి ఊరిపేర్లయెడల మాత్రము కథలకు లొంగక పనిచేసినది. పులివెందులను పులులమందతోను, జమ్మలమడుగును జమ్ము మొలచిన మడుగుతోను, ప్రొద్దుటూరును సూర్యునితోను ముడిపెట్టుట అందరు ఎరిగినదే. వానిలో ఏది పదనిర్మాణమునకు పొసగును, ఏది పిమ్మట తగిలించిన సొగసు అని విడదీయుట ఓపికతో కూడిన పని. ఇంటిపేర్లకును అట్టి ఓపికయే కావలెను. పైగా ఊరు కదలదు, ఇల్లు కదలును.

ఇల్లు కదలుటకు ప్రొద్దుటూరిలోనే దృష్టాంతము కలదు. శివతాండవ కవి పుట్టపర్తి నారాయణాచార్యులు (1914-1990) పూర్వులు తిరుమలవారు. చిత్రావతీ తీరమున పుట్టపర్తి గ్రామములో ఆ కుటుంబము కొంతకాలము వసించుటచే పుట్టపర్తివారైరి. ఆయన పుట్టినది అనంతపురముజిల్లా చియ్యేడులో, జీవితము గడచినది ప్రొద్దుటూరులో, కడపలో. ఇచ్చట గమనింపదగినదేమి? తిరుమలవారను పేరు ఆ శాఖలో మాయమైనది. ఎవ్వరును చావలేదు, సంతతి ఆగలేదు. బండిమీద సామాను వేసికొని కుటుంబము ఊరు మారినది, అంతే. ఊరు విడిచిన పిదపనే ఆ ఊరిపేరు అంటుకొనుట కూడ సహజము. పుట్టపర్తిలోనివారందరును పుట్టపర్తివారే గనుక అచ్చట ఆ పేరుతో పనిలేదు. పోలెండులో "స్కీ" అంతమందుగల పేర్లు పెక్కు ఇట్లు ఊళ్లనుండి వచ్చినవే. సూర్యకేంద్ర సిద్ధాంతకర్త కోపర్నికస్ ఇంటిపేరును కూడ పండితులు సైలీసియాలోని కొపర్నికి అను గ్రామముతో ముడిపెట్టుదురు.

పులివెందుల ప్రాంతపు ఉదాహరణము మరియొక తీరుది. 2004 నుండి 2009 వరకు ముఖ్యమంత్రిగానుండిన రాజశేఖరరెడ్డి పేరునకు ముందుగల "వై.ఎస్." తెలియని ఆంధ్రుడు లేడు, అది "యెడుగూరి సందింటి" యని తెలిసినవారు అంతమంది కారు. 1949లో ఆయన పుట్టినది జమ్మలమడుగులో, సొంతగడ్డ పులివెందుల. "సందిల్లు" అనగా సందులోని ఇల్లు. "ఇల్లు" విభక్తికి ముందు "ఇంటి" యగుట మన వ్యాకరణము. మొదటి మాట ఊరుతో ముగియు పేరునకు చెందినది. రెండవది వీథిలోని గుర్తు. ఒకే పేరుగల కుటుంబములు పెరిగి, ఎవరెవరో తెలియుటకు రెండవ గుర్తు తగిలించుకొనుట తెలుగు పల్లెల సాధారణ మర్యాద. అట్లు ఒక పెద్దపేరు చీలి రెండు మూడు చిన్నపేర్లగును. ప్రతి చిన్నపేరును అరుదైనదే. చిన్నపేరు అరుదుగా నుండుటకు కారణము ప్రాచీనతయు కాదు, శాపమును కాదు, కేవలము చీలిక.

ఇక నిట్టూర్పు సంగతి. వంశములు అంతరించుటను గణితమునకు ఎక్కించినవాడు ఇంగ్లండుదేశపు ఫ్రాన్సిస్ గాల్టన్. ఘనవంశములు త్వరగా మాసిపోవుచున్నవను దిగులు ఆయనకు మెండు. సుప్రజననశాస్త్రమని పేరుపెట్టి తరువాతి తరములకు చేటు తెచ్చిన భావములకు మూలపురుషుడును ఆయనయే. 1873లో ఆయన ఒక పత్రికలో ఈ సమస్యను ప్రకటింపగా, వాట్సన్ అను మతాచార్యుడు పరిష్కారము పంపెను. మరుసటి యేట ఇరువురు కలిసి వ్యాసము ప్రచురించిరి.

లెక్క యిట్లుండును. ఒక పల్లెలో నూరిండ్లు, నూరు ఇంటిపేర్లు అనుకొందము. ఇంటికొక్క పురుషుడు. నలువురిలో ఒకనికి కొడుకులు లేరు, ఇరువురికి ఒక్కొక్కడు, ఒకనికి ఇద్దరు. సగటున మనిషికి ఒక కొడుకే గనుక పల్లెలోని పురుషుల సంఖ్య పెరగదు, తరగదు. మొదటి తరమునకే 25 పేర్లు పోవును. రెండవ తరమునకు పోయినవి 39, అయిదవ తరమునకు 60, పదవ తరమునకు 74. తరమునకు పాతికయేండ్లు వేసికొనినచో ఇది రెండువందల ఏబది ఏండ్ల కాలము. పురుషులు అప్పుడును సుమారు నూరుగురే. మిగిలిన 26 పేర్లను ఒక్కొక్కదానిని సగటున నలుగురేసి పంచుకొని యుందురు. క్షామము రాలేదు, మహమ్మారి రాలేదు, ఎవరి పాపమును పండలేదు. కొన్ని పేర్లు అరుదై, కొన్ని పోయి, కొన్ని పెరుగుట కేవలము యాదృచ్ఛికము. అరుదైన పేరుగలవాడు దానికి గర్వపడనక్కరలేదు, సిగ్గుపడనక్కరలేదు.

వాట్సన్ మాత్రము ఒక పెద్ద పొరపాటు చేసెను. జనాభా పెరుగుచున్నను ప్రతి ఇంటిపేరును ఎప్పటికైన నశించితీరునని ఆయన తేల్చెను. ఆయన సమీకరణమునకు "ఒకటి" ఎల్లప్పుడును ఒక మూలము. ఒకటి యనగా నాశనము నిశ్చయమని యర్థము. దానిని చూచి ఆయన ఆగిపోయెను. రెండవ మూలమును వెదకలేదు. పై పల్లెలోనే కొడుకులు లేనివారు పాతికవంతు, ఒక్కడున్నవారు పాతికవంతు, ఇద్దరున్నవారు సగము అనుకొనుడు. సగటు ఒకటింబావు అగును. అప్పుడు సమీకరణమునకు అర, ఒకటి అని రెండు మూలములు వచ్చును. చిన్నదే అసలు సమాధానము. అనగా సగము పేర్లు పోవును, సగము నిలిచిపోవును. ఫ్రాన్సుదేశపు బ్యనేమె 1845లోనే సరియైన ఫలితమును చెప్పియుండెను. దానిని ఎవ్వరును పట్టించుకొనలేదు. 1930 ప్రాంతమున స్టెఫెన్సన్ దీనిని పూర్తిగా చక్కబరచువరకు దాదాపు అరువదియేండ్లు ఒక బడిపిల్లవాడు పట్టదగిన తప్పు నిలిచియుండెను! తరువాత కొలదికాలమునకే 1931లో లోట్కా, 1920నాటి అమెరికా శ్వేతజాతి జనాభా లెక్కలనుబట్టి ఒక మగశిశువు సంతతి పురుషపరంపరలో అంతరించుటకు నూటికి సుమారు 82 పాళ్లు అవకాశమున్నదని గణించెను. పెరుగుచున్న దేశములోనే అట్లుండినది.

ఇదే సమస్యను 1929లో లేవనెత్తిన డెన్మార్కు గణితజ్ఞుడు ఎర్లాంగు విషయము మరువరానిది. ఆయన తల్లి పుట్టింటిపేరు క్రారుప్. ఆ పేరు క్షీణించుచుండెను. ఆయన పూర్తిపేరు ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగు. తల్లిపేరు నడుమ నిలుచుకొనినది, రక్తమెటులను నిలిచినదే.

ఈ గణితమెంత చక్కనిదైనను దీనిని తెచ్చి కడపజిల్లాకు అట్లే అతికించుట కూడ తప్పే. ఆ లెక్కలో కొడుకు లేనివాని పేరు పోవలసినదే. మన సంఘమట్లు చూచుచు ఊరకుండలేదు. దత్తత కలదు: రక్తము వేరైనను పేరు నిలుచును. ఇల్లటము కలదు: కడప, కర్నూలు, బళ్లారి ప్రాంతముల రెడ్లలో ఇల్లటపుటల్లునికి కొడుకువలె ఆస్తిలో భాగము వచ్చు ఆచారమును మద్రాసు రాజధాని న్యాయస్థానములు అంగీకరించినవి. అతనికి పుట్టింటి హక్కులును పోవు. అతని బిడ్డలు అతని తండ్రి ఇంటిపేరే ధరింతురు. కూతురు ఉన్నది, ఇల్లున్నది, పొలమున్నది, మనుమలున్నారు; పేరు మాత్రము మారినది. మొదటిదానిలో పేరు బ్రతికి రక్తము మారినది. రెండవదానిలో రక్తము బ్రతికి పేరు మారినది. ఈ రెండింటిని కండ్లముందు పెట్టుకొనియు "కొడుకు లేనిదే వంశము లేదు" అనువారి మాటకు మన ఆచారములే సాక్ష్యము పలుకుట లేదు. జీవశాస్త్రము అసలే పలుకదు: కూతురు తండ్రినుండి పొందు జన్యువుల పాలు కొడుకు పొందుదానికంటె తక్కువ కాదు. కొడుకునకు మాత్రమే వచ్చునది వై క్రోమోసోము. అది క్రోమోసోములన్నింటిలో మిక్కిలి చిన్నవానిలో ఒకటి.

ఆ చిన్న క్రోమోసోము ఇంటిపేరువలె తండ్రినుండి కొడుకునకే పోవును గనుక దానితో పేర్లను పరీక్షించుట నేటికాలపు పద్ధతి. ఇంగ్లండులో బ్రయన్ సైక్స్ తన ఇంటిపేరేగల 48 మంది పురుషులను పరీక్షించి 2000లో ఫలితము ప్రకటించెను. వారిలో 21 మందికి ఒకే తీరు క్రోమోసోము కనబడినది. సగమునకు కొంచెము తక్కువ. మిగిలినవారు దత్తతవలననో, తల్లిపేరు తీసికొనుటవలననో, మరి ఏ కారణముననో ఆ పేరులోనికి వచ్చినవారు. ఒకే పేరు ఒకే రక్తమనువారు ఈ సంఖ్యను తలపోయుట మంచిది.

పరదేశపు కొలబద్ద ఇచ్చట ఎట్లు తప్పునో తెలుపుటకు ఇంకొక సంగతి చాలును. చార్లెస్ డార్విన్ కుమారుడు జార్జి డార్విన్ 1875లో, వధూవరుల ఇంటిపేరు ఒకటియైన పెండ్లిండ్లను లెక్కించి, దానినుండి దాయాదివివాహములు ఎన్నియో అంచనా కట్టెను. ఇంగ్లండులో అది తెలివైన ఉపాయమే. ఆ పద్ధతిని జమ్మలమడుగులో ప్రయోగించినచో ఫలితము సున్న రావచ్చును. ఏలయన ఒకే ఇంటిపేరువారికి మనలో పెండ్లియే పొసగదు. మేనరికములు మాత్రము తరతరములుగా జరుగుచునే యున్నవి. మేనమామకూతురి ఇంటిపేరు ఎప్పుడును వేరే గదా! ఆంధ్రదేశపు దగ్గరి సంబంధపు వివాహములను ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్ పరిశోధించి 1963లో వ్యాసము ప్రకటించిరి. కృష్ణారావు గురువు హాల్డేన్. 1927లో గాల్టన్ సమస్యను ముందుకు నడపినవారిలో ఒకడైన ఆ హాల్డేనే, 1957లో మనదేశమునకు వచ్చి 1964లో భువనేశ్వరమున కన్నుమూసెను.

గణితము చెప్పని కారణమొకటి మిగిలినది. అదియే నేడు మిక్కిలి బలముగా పనిచేయుచున్నది. మన్రో కలెక్టరుగా దత్తమండలముల భూమిని కొలిపించిన నాటినుండియు (1800-1807) రైతుపేరు లెక్కలకెక్కినకొలది ఇంటిపేర్లు గట్టిపడుచు వచ్చినవి. ఊరు మారగానే పేరు మారుట తగ్గినది. ఆ కాగితమే ఇప్పుడు వానిని కరగించుచున్నది. బడిపట్టీలో ఇంటిపేరు ఒక ఆంగ్లాక్షరమునకు కుదించుకొనును. పరదేశయానపు పత్రములలో కడపటిపేరు గడిలో "రెడ్డి" యో, "శాస్త్రి" యో, లేక తండ్రి పేరో కూర్చుండును. రెండుతరములు గడచిన పిదప "జి." అను ఒక్క అక్షరము వెనుక గడియారమున్నదో, గుఱ్ఱమున్నదో, గంగవరమున్నదో చెప్పుటకు తాతయో అవ్వయో ప్రక్కన నుండవలెను.